జన్యువులో మ్యుటేషన్ లేదంటున్నారు, మరి ప్రోటీన్ ఎందుకు రావడం లేదు?

మీ నాన్నగారి జీర్ణాశయ క్యాన్సర్ బయాప్సీలో ఎంఎల్‌హెచ్1 (డీఎన్‌ఏ కాపీలో తప్పులు దిద్దేది) అనే ప్రోటీన్ కనిపించలేదని, జన్యు పరీక్షలో మాత్రం మ్యుటేషన్ ఏదీ దొరకలేదని, డాక్టరుగారు మిథైలేషన్ వల్ల జన్యువు ఆగిపోయిందన్నారని రాశారు. రెండు రిపోర్టుల్లో ఏదో ఒకటి తప్పేమోనని మీ టెన్షన్. రెండూ సరైనవే అయ్యుండొచ్చు. కొన్నేళ్లు ల్యాబ్‌లో ఇలాంటి నమూనాల మీదే పనిచేశాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

డీఎన్‌ఏలో సి అక్షరం పక్కన జి వచ్చిన చోట, కణం ఆ సి మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు తగిలించగలదు. అక్షరం మారదు. చాలా జన్యువుల మొదట్లో, అంటే ప్రమోటర్ దగ్గర, ఈ సి-జి జంటలు దట్టంగా ఉంటాయి. మామూలు కణంలో అక్కడ మిథైల్ దాదాపుగా ఉండదు. క్యాన్సర్‌లో కొన్ని జన్యువుల దగ్గర ఆ చోటంతా మిథైల్‌తో నిండిపోతుంది. అప్పుడు మిథైల్‌ను పట్టుకునే ప్రోటీన్లు వచ్చి చేరతాయి, డీఎన్‌ఏను బిగించే ఎంజైములను వెంటబెట్టుకొస్తాయి. ఇక జన్యువును చదవడానికి సందు దొరకదు. కణం రెండైనప్పుడల్లా డీఎన్‌ఎంటీ1 అనే ఎంజైము పాత పోగును చూసి కొత్త పోగు మీద కూడా అవే గుర్తులు వేస్తుంది. అందుకే ఒకసారి ఆగిన జన్యువు పిల్ల కణాల్లోనూ ఆగే ఉంటుంది.

మామూలు సీక్వెన్సింగ్ అక్షరాలనే చదువుతుంది, కాబట్టి దానికి ఇది కనిపించదు. మేము డీఎన్‌ఏకి బైసల్ఫైట్ అనే రసాయనం పట్టించేవాళ్లం. మిథైల్ లేని సి మారిపోయి, పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కను లక్షల కాపీలు చేసే పద్ధతి) అయ్యాక టి లాగా కనిపిస్తుంది. మిథైల్ ఉన్న సి అలాగే నిలుస్తుంది. ఆ తేడాను బట్టి రెండు రకాల ప్రైమర్లతో (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చెప్పే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) పీసీఆర్ చేసి, కాపీలు వచ్చాయో లేదో జెల్ మీద గీతలుగా, అంటే బ్యాండ్లుగా చూస్తాం. పారాఫిన్ మైనపు దిమ్మెల్లో దాచిన పాత కణజాలమైతే డీఎన్‌ఏ అప్పటికే ముక్కలై ఉంటుంది, బైసల్ఫైట్ దాన్ని ఇంకా చెడగొడుతుంది. మంచి బ్యాండ్ రావడమే కష్టం.

నన్ను బాగా కదిలించింది ట్యూమర్ నమూనా కాదు. దాని పక్కనే ఉన్న, మైక్రోస్కోపులో క్యాన్సర్ లేదని తేలిన జీర్ణాశయపు లోపలి పొరలో కూడా మిథైల్ బ్యాండ్ సన్నగా కనిపించేది. అంటే గడ్డ పుట్టకముందే ఆ పొర దెబ్బతింటోంది. హెలికోబ్యాక్టర్ పైలోరి బ్యాక్టీరియా ఏళ్ల తరబడి రగిలించే వాపు దీనికి పెద్ద కారణం. జెర్బిల్స్ అనే ఎలుకల్లాంటి జంతువుల మీద జపాన్ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాల్లో, బ్యాక్టీరియాను ఉండనిచ్చి వాపును మాత్రం మందుతో అణిచితే మిథైలేషన్ పెరగలేదు. బ్యాక్టీరియా పోయాక మిథైలేషన్ కొంత తగ్గుతుంది కానీ పూర్తిగా చెరిగిపోదు. అందుకే పొర బాగా దెబ్బతిన్నవాళ్లకు చికిత్స తర్వాత కూడా ఎండోస్కోపీ చేయిస్తుండమంటారు.

ఏ జన్యువు ఆగిందన్నదాన్ని బట్టి నష్టం ఉంటుంది. పీ16 అనే జన్యువు కణ విభజనకు బ్రేకు. అది పోతే ఆగాల్సిన కణం ఆగదు. సీడీహెచ్1 అనే జన్యువు తయారుచేసే ఈ-క్యాడ్హెరిన్ ప్రోటీన్ కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది. అది లేని కణాలు విడివడి పొర లోపలికి చొచ్చుకుపోతాయి. మీ నాన్నగారి రిపోర్టులోని ఎంఎల్‌హెచ్1 పెరుగుదలను నేరుగా ఆపదు, డీఎన్‌ఏ కాపీలో వచ్చే తప్పులను దిద్దుతుంది. అది ఆగితే తప్పులు పేరుకుపోయి, పెరుగుదలను అదుపుచేసే ఇతర జన్యువులు చెడిపోతాయి. 2014లో టీసీజీఏ అనే అమెరికా క్యాన్సర్ జన్యు పరిశోధన బృందం 295 జీర్ణాశయ ట్యూమర్లను పరిశీలించి చేసిన నాలుగు రకాల్లో ఇలా తప్పులు పేరుకునే రకం ఒకటి, దాదాపు 22 శాతం. ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఉన్న రకంలో మిథైలేషన్ ఇంకా విపరీతం. వాటన్నిటిలోనూ పీ16 జన్యువు మిథైల్ అయి ఉంది, ఎంఎల్‌హెచ్1 మాత్రం కాలేదు.

ఇక మీ భయం, ఇది వంశపారంపర్యమా అని. ట్యూమర్‌లో ఎంఎల్‌హెచ్1 మిథైలేషన్ దొరికితే చాలావరకు కాదనే అర్థం. చిన్న వయసులో వచ్చి ఉంటే గానీ, కుటుంబంలో ఇంకెవరికైనా ఉంటే గానీ, ఒళ్లంతటా ఉందేమో తేలడానికి రక్తంలో కూడా మిథైలేషన్ చూడమని అడగండి. పెద్దపేగు క్యాన్సర్‌లో ఇదే తేల్చడానికి వాడే బీరాఫ్ అనే జన్యువు పరీక్ష ఇక్కడ పనికిరాదు.

చికిత్స సంగతికొస్తే, ల్యాబ్‌లో పెంచిన కణాలకు మిథైల్ గుర్తులను తగ్గించే డెసిటాబిన్ అనే మందు ఇస్తే ఆగిన జన్యువు మళ్లీ ప్రోటీన్ చేయడం నేను కళ్లారా చూశాను. మందు ఆపాక మళ్లీ మూతపడింది కూడా. ఆ మందు కొన్ని రక్త వ్యాధులకు వాడుకలో ఉంది, జీర్ణాశయ క్యాన్సర్‌కు ప్రామాణిక చికిత్స కాదు. దానికోసం తిరగకండి. మీరు అడగాల్సింది ఇమ్యూనోథెరపీ (మన రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకు పంపే చికిత్స) గురించి: ఎంఎల్‌హెచ్1 పోయిన ట్యూమర్లలో అది పనిచేసే అవకాశం మిగతావాటికంటే బాగా ఎక్కువ.

మీరు, మీ తోబుట్టువులు హెచ్ పైలోరి పరీక్ష చేయించుకోండి. 2020లో వచ్చిన కొరియా అధ్యయనంలో, రోగి తోబుట్టువుల్లో, పిల్లల్లో ఈ ఇన్ఫెక్షన్‌కు చికిత్స ఇస్తే క్యాన్సర్ రిస్క్ సగానికి పైగా తగ్గింది.