చెరువు నీళ్ళ సంగతి కాలవని చూడకుండా రాయకు

అమ్మాయీ,

ఆశీస్సులు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌ని (ఎం.ఎస్., అంటే ఒంటి రక్షణ కణాలే మెదడు, వెన్నుపాము నరాల మీది పొరని దెబ్బతీసే జబ్బు) కనిపెట్టడానికి వెన్ను నీటిలో (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీరు) చూసే ఆనవాళ్ళ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. కష్టపడి రాశావని తెలుస్తూనే ఉంది. కానీ మొదటి పేరాలోనే ఒక వాక్యం అన్నంలో రాయిలా తగిలింది: "వెన్ను నీటిలో ఆలిగోక్లోనల్ బ్యాండ్లు కనిపిస్తే ఎం.ఎస్. ఉన్నట్టే." ఆ బ్యాండ్లంటే పరీక్ష పలక మీద యాంటీబాడీలు తేల్చే సన్నటి గీతలు. నీ వాక్యం తప్పు. నీ వ్యాసం చదివినవాళ్ళు రేపు ఏ భీమవరంలోనో పాలకొల్లులోనో రిపోర్టు చేత్తో పట్టుకుని, డాక్టరు దగ్గరికి వెళ్ళకముందే తమ రోగం తామే తేల్చేసుకుంటారు. ముందు ఆ వాక్యం కొట్టెయ్. దాని చోట ఏం రాయాలో వరసగా చెప్తాను.

దానికన్నా ముందు సూది సంగతి. మన వైపు "నడుంలోంచి నీళ్ళు తీస్తారట" అనగానే సగంమంది వద్దనేస్తారు. కాళ్ళు పడిపోతాయని భయం. నువ్వేమో "లంబార్ పంక్చర్ సురక్షితమైన ప్రక్రియ" అని ఒక్క ముక్కతో దాటేశావు. భయపడేవాడికి భరోసా చాలదు, కారణం చెప్పాలి. పెద్దవాళ్ళలో వెన్నుపాము మొదటి, రెండో నడుం పూసల దగ్గరే ఆగిపోతుంది. సూది గుచ్చేది దానికి కింద, మూడు నాలుగు పూసల మధ్యో, నాలుగు ఐదు పూసల మధ్యో. అక్కడుండేవి నీళ్ళలో వేలాడే నరాల పోగులు. సూది తగిలితే చాలావరకు పక్కకి జరుగుతాయి, ఒక్కోసారి కాల్లోకి జివ్వుమంటుంది. ఇక నీళ్ళ లెక్క: ఒంట్లో మొత్తం ఉండేది 150 మిల్లీలీటర్ల దాకా, రోజుకి కొత్తగా ఊరేది 500 దాకా. పరీక్షకి తీసేది 10 మిల్లీలీటర్లు అటూ ఇటూగా. అంటే అరగంటలో మళ్ళీ ఊరిపోతుంది. ఈ రెండు సంగతులూ పెడితే నీ "సురక్షితం" అనే మాట అక్కర్లేదు.

తలనొప్పి వస్తుందని దాచకు. లేచి కూచుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి కొందరికి వస్తుంది. సూది చేసిన కంత వెంటనే మూసుకోక, నీళ్ళు లోపలే కారుతుండడం దానికి కారణం. కోసుకుపోయే మొన ఉన్న సూది బదులు, పెన్సిల్ మొనలా ఉండి పొరలోని పోగుల్ని పక్కకి నెట్టే సూది వాడితే ఇది బాగా తగ్గుతుంది. రోజంతా వెల్లకిలా పడుకోబెట్టడం పాత అలవాటు, అది తలనొప్పిని ఆపుతుందని రుజువు కాలేదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినవాళ్ళు, మెదడులో గడ్డ ఉందన్న అనుమానం ఉన్నవాళ్ళు ముందే డాక్టరుకి ఆ సంగతి చెప్పాలని ఒక వాక్యం తప్పకుండా ఉండాలి.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు డెల్టాలో పుట్టినదానివి, మైక్రోస్కోపు దాకా పోకుండానే ఇది చెప్పొచ్చు. కాలవ పక్కన చెరువుంది, మధ్యలో గట్టు. చెరువు నీళ్ళు ఉప్పెక్కాయి. ఆ ఉప్పు కాలవలోంచి గట్టు దాటి వచ్చిందా, అడుగునుంచి ఊరిందా? చెరువు నీళ్ళు ఎంత రుచి చూసినా తేలదు. కాలవ నీళ్ళు కూడా నోట్లో వేసుకోవాలి. కాలవ చప్పగా ఉండి చెరువు ఉప్పగా ఉంటే, ఉప్పు అడుగునుంచి వచ్చినట్టు. ఇక్కడ కాలవ రక్తం, చెరువు వెన్ను నీరు, ఉప్పు ఐజీజీ అనే యాంటీబాడీ. అందుకే వెన్ను నీళ్ళు తీసినప్పుడే చేతినుంచి రక్తం కూడా తీస్తారు. నీ వ్యాసంలో రక్తం ఊసే లేదు! రెండు నమూనాలూ పక్కపక్కన లేకపోతే ఈ పరీక్షకి అర్థమే లేదు. వ్యాసం మొత్తం ఈ ఒక్క మేకుకి తగిలించు.

బ్యాండ్లు ఎలా కనిపిస్తాయో దగ్గరగా చూపించు. అగరోజ్ జెల్ పలక మీద కరెంటు పెడితే, ప్రతి ప్రోటీనూ తన విద్యుదావేశం సున్నా అయ్యే పీహెచ్ దగ్గరికి వెళ్ళి ఆగిపోతుంది. తర్వాత ఐజీజీని మాత్రమే పట్టుకునే యాంటీబాడీ వేసి రంగు తెప్పిస్తారు. వేల రకాల ఐజీజీ కలిసి ఉంటే పలక మీద మసగ్గా పూసినట్టుంటుంది. కొన్ని కణాల సంతతి మాత్రమే పనిగట్టుకుని తమ తమ సరుకు తయారుచేస్తుంటే, ఆ మసకలో సన్నటి గీతలు తేలతాయి. ఆలిగో అంటే కొన్ని అనే. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. రక్తంలో ఐజీజీ వెన్ను నీటిలోకన్నా కొన్ని వందల రెట్లు ఎక్కువ. సీరంని (రక్తం గడ్డకట్టాక మిగిలే నీరు) పలచన చేసి, పలక మీద రెండు నమూనాలకీ పక్కపక్కన ఇచ్చే లేన్లు రెంటిలోనూ ఐజీజీ ఒకే మోతాదులో పడేట్టు చూడకపోతే సీరం లేన్ నల్లగా అలికినట్టవుతుంది, పోల్చడానికి ఏమీ మిగలదు.

ఫలితాన్ని అయిదు రకాలుగా చెప్తారు. రెండు లేన్లలోనూ గీతల్లేకపోతే మొదటి రకం. వెన్ను నీటిలోనే గీతలుంటే రెండోది. రెండింటిలో కొన్ని ఉమ్మడిగా ఉండి, వెన్ను నీటిలో మాత్రం అదనంగా కొన్ని ఉంటే మూడోది. అద్దంలో చూసినట్టు రెండూ ఒకేలా ఉంటే నాలుగోది: యాంటీబాడీ ఒంట్లో ఇంకెక్కడో తయారై గట్టు దాటి వచ్చిందన్నమాట. ఒకే కణం సంతతి తయారుచేసిన గీతలు నిచ్చెన మెట్లలా రెంటిలోనూ ఉంటే అయిదోది, అప్పుడు మైలోమా అనే రక్త కేన్సర్ లాంటివి వెతకాలి. లెక్కలోకొచ్చేవి రెండూ మూడూ. అందులోనూ సీరంలో లేని గీతలు కనీసం 2 ఉండాలి. నువ్వు "నాలుగో రకం కూడా పాజిటివే" అని రాశావు. గీతలున్నాయి నిజమే, కానీ అవి కాలవ నీళ్ళు.

ఐజీజీ లోపల తయారైందా, గట్టు దాటి వచ్చిందా అన్నది అంకెల్లో చూపే ఐజీజీ ఇండెక్స్ దగ్గర సూత్రం రాసి ఊరుకున్నావు. లెక్క చేసి చూపించకపోతే పాఠకుడు ఆ పేరా దాటేస్తాడు. వరద రోజుల్లో గోదారి ఎర్రగా వస్తుంది కదా, ఆ ఒండ్రు చెరువులో పుట్టదు. చెరువులో ఎర్రమట్టి ఎంత కనిపిస్తే గట్టు అంత కారుతోందన్నమాట. వెన్ను నీటికి ఆ ఒండ్రు అల్బుమిన్. అది తయారయ్యేది కాలేయంలోనే, మెదడులో కాదు. ఒక రోగికి వెన్ను నీటిలో ఐజీజీ డెసీలీటరుకి 6 మిల్లీగ్రాములు, సీరంలో 1200 అనుకుందాం. భాగిస్తే 0.005. అల్బుమిన్ వెన్ను నీటిలో 24, సీరంలో 4000. అది 0.006. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.83. 0.7 దాటింది కాబట్టి లోపల తయారవుతోందని అనుమానించాలి. ఇప్పుడు ఇంకో రోగి. సీరం అంకెలు అవే, వెన్ను నీటిలో ఐజీజీ 12, అల్బుమిన్ 80. ఐజీజీ మొదటివాడికి రెండింతలు! కానీ లెక్క కడితే 0.01ని 0.02తో భాగించాలి, 0.5 వస్తుంది. ఇతనికి కారుతున్నది గట్టు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన వేస్తే నువ్వు రాసిన రెండు పేజీల వివరణ తీసెయ్యొచ్చు. ఒక్క జాగ్రత్త: సీరం అల్బుమిన్‌ని మన ల్యాబులు డెసీలీటరుకి గ్రాముల్లో ఇస్తాయి, 4.0 అని. దాన్ని 4000 మిల్లీగ్రాములుగా మార్చకుండా వేస్తే జవాబు వెయ్యి రెట్లు తేడా కొడుతుంది. నీ డ్రాఫ్టులో ఉదాహరణకి ఇచ్చిన 0.0008 అలా వచ్చిందే, చూసుకో.

ఇండెక్స్ మామూలుగా ఉండి గీతలు మాత్రం కనిపించే రోగులు బోలెడుమంది. అందుకే గీతల పరీక్షకే ఎక్కువ విలువ.

ఇక వాటి అర్థం. పశ్చిమ దేశాల ఎం.ఎస్. రోగుల్లో 85 నుంచి 95 శాతం మందికి ఈ గీతలుంటాయి. ఆసియా దేశాల లెక్కల్లో అంతకన్నా తక్కువ. కాబట్టి మన దగ్గర గీతలు లేనంత మాత్రాన ఎం.ఎస్. లేదనడానికి వీల్లేదు. ఉన్నంత మాత్రాన ఉన్నట్టూ కాదు: తట్టు సోకిన ఏళ్ళకి పిల్లల్లో వచ్చే ఎస్.ఎస్.పి.ఇ. అనే మెదడు జబ్బులో, మెదడుకి పాకిన సిఫిలిస్‌లో, ఇంకా కొన్ని ఇన్‌ఫెక్షన్లలో కూడా గీతలుంటాయి. నిర్ధారణకి ఆధారం రోగి లక్షణాలూ ఎమ్మారైలో కనిపించే మచ్చలూ. 2024 సవరణ దాకా ఉన్న షరతులు రెండు: మచ్చలు వేర్వేరు చోట్ల ఉండాలి, వేర్వేరు కాలాల్లో వచ్చినట్టు తేలాలి. 2017 నాటి మెక్‌డోనల్డ్ ప్రమాణాలు (ఎం.ఎస్. నిర్ధారణకి డాక్టర్లు వాడేవి) ఈ రెండో షరతు దగ్గర ఒక వెసులుబాటు ఇచ్చాయి: ఎం.ఎస్.కి తగిన మొదటి దాడి వచ్చి, మచ్చలు వేర్వేరు చోట్ల ఉన్నట్టు తేలితే, రెండో దాడి కోసం ఎదురుచూడకుండా వెన్ను నీటి గీతల్నే కాలానికి బదులు ఆధారంగా తీసుకోవచ్చు. గీతల అసలు ఉపయోగం ఇదీ. నువ్వు కొట్టేసిన వాక్యం చోట ఇది పెట్టు.

ఆ ప్రమాణాల 2024 సవరణ 2025లో అచ్చయింది, అది నీ వ్యాసంలో లేదు. కాలం షరతుని అది తప్పనిసరి కాకుండా చేసింది. గీతలకి బదులు కప్పా ఫ్రీ లైట్ చైన్ ఇండెక్స్‌ని కూడా అది ఒప్పుకుంది. యాంటీబాడీ తయారయ్యేటప్పుడు అదనంగా మిగిలిపోయే చిన్న ముక్కలివి. లెక్క పైన చెప్పినదే, ఐజీజీ చోట కప్పా వేసుకోవడమే. గీటురాయిగా ఎక్కువగా వాడేది 6.1. గీతల పరీక్షకి గంటలు పడుతుంది, పలక చూసి ఎంచగల కన్ను కావాలి. ఇది మెషీను మీద అంకెగా వచ్చేస్తుంది. జిల్లా ఊళ్ళకి ముందుముందు ఇదే పనికొస్తుందని నా అంచనా. న్యూరోఫిలమెంట్ లైట్ గురించి నువ్వు రాసిన మూడు పేరాలు ఒకటికి కుదించు. నరాల తీగ దెబ్బతింటే బయటపడే ప్రోటీను అది. పక్షవాతంలోనూ పెరుగుతుంది, వయసుతోనూ పెరుగుతుంది. ఏ రోగమో చెప్పదు.

మన పాఠకులకి ఎక్కువ చోటు ఇవ్వాల్సింది "ఎం.ఎస్. కాకపోతే ఏమిటి" అన్నదానికి. వెన్ను నీటిలో తెల్లకణాలు మైక్రోలీటరుకి 50 దాటినా, ప్రోటీను డెసీలీటరుకి 100 మిల్లీగ్రాములు దాటినా ఎం.ఎస్. మీద అనుమానం తగ్గి వేరేవాటి మీదకి పోవాలి. దానికితోడు గ్లూకోజు కూడా తగ్గిందంటే మన దేశంలో ముందు తలుచుకోవాల్సింది టీబీనే. ఇంకోటి ఎన్.ఎం.ఒ. (న్యూరోమైలైటిస్ ఆప్టికా). కళ్ళనీ వెన్నుపామునీ దెబ్బతీసి ఎం.ఎస్.లా మభ్యపెడుతుంది. దానికి కారణమైన, ఆక్వాపొరిన్-4 అనే ప్రోటీను మీద దాడిచేసే యాంటీబాడీని 2004లో గుర్తించారు. దాన్ని చూడాల్సింది సీరంలో, వెన్ను నీటిలో కాదు. ఎన్.ఎం.ఒ. ఉన్నవాళ్ళలో చాలామందికి గీతలుండవు. ఈ రెంటినీ పొరబడితే నష్టం కాగితం మీద ఆగదు: ఎం.ఎస్.కి ఇచ్చే ఇంటర్‌ఫెరాన్ బీటా, ఫింగోలిమాడ్, నటాలిజుమాబ్ ఎన్.ఎం.ఒ.ని ముదరబెడతాయి.

చివరగా, ల్యాబులో పనిచేస్తూ కూడా నువ్వు రాయకుండా వదిలేసింది: నమూనా ప్రయాణం. అమలాపురంలో తీసిన నీళ్ళని అలాగే హైదరాబాద్ పంపితే కణాల లెక్క పోయినట్టే, బయటికి తీసిన గంట, రెండు గంటల్లోనే అవి చిట్లడం మొదలవుతుంది. కణాలూ గ్లూకోజూ తీసిన ఊళ్ళోనే చూసెయ్యాలి. యాంటీబాడీలు గట్టివి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచితే బస్సు ప్రయాణం తట్టుకుంటాయి. రక్తాన్ని మాత్రం గడ్డ నుంచి సీరం వేరుచేశాకే పెట్టెలో పెట్టాలి, లేకపోతే మండుటెండలో దారిలోనే ఎర్రకణాలు చిట్లి సీరం ఎర్రబారుతుంది. సూది రక్తనాళానికి తగిలి నీళ్ళలో రక్తం కలిస్తే ఇండెక్స్ నమ్మకూడదు, కణాల లెక్కా తప్పుతుంది. ఈమధ్య ఐవీఐజీ (దాతల రక్తంనుంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కించి ఉంటే బయటివాళ్ళ యాంటీబాడీలు కాలవలోనే కలిసిపోయాయి కాబట్టి ఫారం మీద ఆ తేదీ రాయాలి. స్టెరాయిడ్లు ఇచ్చి ఉంటే అదీ రాయాలి, కణాలు తగ్గి కనిపించవచ్చు, గీతలు మాత్రం సాధారణంగా చెరగవు.

బొమ్మ వేయించేటప్పుడు ఒక్కో రకానికీ రెండేసి లేన్లు గీయించు, ఎడమది సీరం, కుడిది వెన్ను నీరు, అయిదింటికీ అదే వరస. ఇప్పుడున్న బొమ్మలో మూడో రకం దగ్గర అవి తారుమారయ్యాయి. దిద్ది, కొత్త ప్రతి వచ్చే వారంలోగా పంపు.

ఇట్లు,
నీ వ్యాసానికి ఎర్రసిరా పూసినవాడు