పరియా లోయలో ఫిల్టర్ బురదతో మూసుకుపోతోందా?

మీ ఫిల్టర్‌లో లోపమేమీ లేదండీ. అమెరికాలో యూటా నుంచి అరిజోనాకు పారే పరియా నది నీళ్లే అంత. మొన్న ట్రయల్ నడకలో అర లీటరుకే మూసుకుపోయిందని, నడక మొదలయ్యే వైట్ హౌస్ అనే చోటి నుంచి చివరనున్న లీస్ ఫెర్రీ దాకా 38 మైళ్లు ఎలా నడవాలని టెన్షన్ పడుతున్నారు కదా. దీనికి మందు మన వంటింట్లోనే ఉంది, పటిక.

గోదావరికి ఎర్రనీళ్లు వచ్చినప్పుడు మా అమ్మమ్మ బిందెలో పటిక ముక్క నాలుగుసార్లు తిప్పి వదిలేసేది. గంటలో మన్నంతా అడుగుకు చేరేది. మీరూ అదే చేయండి. మడతపెట్టే బకెట్ ఒకటి, పటిక పొడి చిన్న పొట్లం తీసుకెళ్లండి. బకెట్ నీళ్లలో రెండు మూడు చిటికెలు వేసి బాగా కలిపి, కదపకుండా ఉంచండి. పైన తేరిన నీళ్లు మెల్లగా వంచుకుని, అప్పుడు ఫిల్టర్ చేయండి. పటిక మన్నునే దించుతుంది, క్రిములను చంపదు. కాబట్టి ఫిల్టర్ మానకండి.

దారిలో బిగ్ స్ప్రింగ్ లాంటి ఊటలు దొరికితే అక్కడే సీసాలన్నీ నింపుకోండి. లీస్ ఫెర్రీకి దగ్గరయ్యేకొద్దీ నమ్మదగ్గ ఊటలుండవు.

అడగకపోయినా ఒక మాట చెప్పాలి. ఈ నది ఎగువన ఉన్న బ్రైస్ కాన్యన్ వైపు నుంచి వస్తుంది. మీ నెత్తిన ఆకాశం నిర్మలంగా ఉన్నా, అక్కడ వాన పడితే ఇరుకు గోడల మధ్యకు వరద వచ్చేస్తుంది. బయల్దేరే రోజు పొద్దున రేంజర్లను అడక్కుండా దిగకండి, దయచేసి.