హాస్టల్లో కామెర్లు వచ్చాయని కాలేజీ మూసేసి పిల్లల్ని ఇళ్లకు పంపేయడం సరైనదేనా?

అడిగినవారి అమ్మాయి శ్రీకాకుళం దగ్గర ఓ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో ఉంటోందట. కొంతమందికి కామెర్లు తేలేసరికి పది రోజులు సెలవులిచ్చి అందర్నీ బస్సులెక్కించేశారట. ఇది మంచి పనేనా, మిడ్ పరీక్షల సంగతేమిటి అని ప్రశ్న.

మంచి పని కాదు. ముందు మూయాల్సింది ట్యాంకు వాల్వు. గేటు సంగతి తర్వాత.

హాస్టళ్లలో ఒకేసారి పదిమందికి కళ్లు పచ్చబడ్డాయంటే అది చాలావరకు లివర్‌కు సోకే హెపటైటిస్-ఏ వైరస్, అప్పుడప్పుడు హెపటైటిస్-ఈ. రెండూ ఎక్కువగా నీళ్లలోనో తిండిలోనో మలం కలిస్తే వస్తాయి. హెపటైటిస్-ఏ కడుపులోకి వెళ్లాక బయటపడడానికి 15 నుంచి 50 రోజులు పడుతుంది, సగటున 28. కళ్లు పచ్చబడడానికి రెండు వారాల ముందు నుంచే వైరస్ మలంలో పోతూ ఉంటుంది. ఇక పది రోజుల సెలవు లెక్క ఏ పంచాంగంలో చూసి పెట్టారో వాళ్లకే తెలియాలి. దిట్టంగా కనిపిస్తున్న పిల్లలే రోగాన్ని పాలకొండకో, బొబ్బిలికో, సాలూరుకో పట్టుకెళ్తారు. అక్కడ జ్వరం వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కిస్తాడు, వైడల్ పరీక్ష రాసి టైఫాయిడ్ అంటాడు. మన దగ్గర వైడల్ చేస్తే సగం ఊరికి టైఫాయిడ్ ఉన్నట్టే వస్తుంది, అది వేరే గొడవ. కాలేజీకి మాత్రం ఎవరికి ఎప్పుడు వచ్చిందో తెలిసే దారి తెగిపోతుంది.

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలినప్పుడు చూసిన వేగం వేరు. వాంతులు, విరేచనాలు గంటల్లోనో, రెండు మూడు రోజుల్లోనో పట్టుకుంటాయి కాబట్టి నీళ్లు సరిచేస్తే కేసులు కూడా గబగబా తగ్గుతాయి. కామెర్లలో అలా కాదు. అక్టోబరు 10న ట్యాంకు బాగుచేసినా నవంబరు నెలాఖరు దాకా కొత్త కేసులు వస్తూనే ఉంటాయి, అవన్నీ పాత నీళ్ల ఖాతాలోవే. ఈ లెక్క తెలియక నడిమధ్యలో కంగారుపడి రెండోసారి సెలవులిచ్చేవాళ్లే ఎక్కువ. 2025 అక్టోబరులో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో కామెర్లు వచ్చినప్పుడు విశాఖ కేజీహెచ్ పెద్దాసుపత్రి దాకా పిల్లల్ని తేవాల్సి వచ్చింది. ఆ తర్వాతైనా ప్రతి హాస్టల్ వార్డెనుకూ ఈ పదిహేను, యాభై అంకెలు నోటికి వచ్చి ఉండాలి.

మొదటి రోజు చేయాల్సిన పని ఒక తెల్లకాగితం మీద గీతలు గీయడం. పేరు, గది, అంతస్తు, మొదటి లక్షణం వచ్చిన తేదీ, తాగే నీళ్లు ఎక్కడివి, మెస్‌లోనా బయటా తినేది. తేదీ అంటే ఆసుపత్రిలో చేరిన తేదీ కాదు. అన్నం సహించకపోవడం, వికారం, టీ రంగులో మూత్రం, వీటిలో ఏది ముందు మొదలైందో ఆ రోజు. ఈ కాగితం పూర్తయ్యేసరికి చాలాసార్లు దొంగ దానంతట అదే దొరుకుతుంది: రెండో బ్లాకు మొత్తం పడుకుంది, వేరే ట్యాంకు నీళ్లు తాగే మూడో బ్లాకులో ఒక్కరూ లేరు. కాపీ ఒకటి దగ్గరి పీహెచ్‌సీ డాక్టరుకూ, ఒకటి అంటువ్యాధుల్ని గమనించే జిల్లా నిఘా అధికారికీ వెళ్లాలి. ఐదారుగురి రక్తం హెపటైటిస్-ఏ, హెపటైటిస్-ఈ రెంటికీ ఐజీఎం పరీక్షకు (కొత్తగా సోకిందో లేదో చెప్పేది) పంపితే చాలు. అందరికీ చేయించి తల్లిదండ్రుల మీద బిల్లు వేయాల్సిన పనిలేదు.

ఇక నీళ్లు. అసలు కథంతా ఇక్కడే ఉంది, తప్పులూ ఇక్కడే.

క్లోరిన్ కలపకముందే నమూనా తీయాలి. నీళ్లలో మలం కలిసిందేమో చూపే హెచ్‌టూఎస్ సీసాలో గీత దాకా నీళ్లు పోసి మూత పెట్టి వదిలేస్తే, చెడ్డ నీళ్లయితే 24 నుంచి 48 గంటల్లో నల్లబడుతుంది. నల్లబడితే మలం కలిసినట్టే అనుకుని నడుచుకోవాలి. సీసా ముందు కడగకూడదు, లోపల ఉన్న మందు పోతుంది. బోరు దగ్గర ఒకటి, సంపులో ఒకటి, పైట్యాంకులో ఒకటి, చివరి కుళాయిలో ఒకటి తీస్తే ఎక్కడ చెడిందో తెలుస్తుంది. మనవాళ్లు ఏం చేస్తారంటే, ముందు బ్లీచింగ్ కుమ్మరించి, తర్వాత నీళ్లు పట్టి ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబుకు పంపి, రిపోర్టు బాగుందని నోటీసు బోర్డులో అంటిస్తారు. అలా చేస్తే ఏ ల్యాబుకైనా ఏం దొరుకుతుంది?

సంపు అనుమానంగా ఉంటే రాత్రి కుళాయిలూ మోటారూ అన్నీ కట్టి నీటిమట్టం దగ్గర సుద్దతో గీత గీయాలి. తెల్లారేసరికి మట్టం దిగితే గోడ చిట్లింది. నీళ్లు బయటకు పోయే దారిలోనే సెప్టిక్ ట్యాంకు ఊట లోపలికి వస్తుంది. మురుగుకాలవ లోంచి వెళ్లే పైపులు ఇంకో శత్రువు. మోటారు ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోయి, జాయింటు దగ్గర మురుగు లోపలికి లాగేసుకుంటుంది. వానల్లో, అంటే మనకు జులై నుంచి అక్టోబరు దాకా, ఇది తప్పదు.

పదివేల లీటర్ల ట్యాంకు అనుకుందాం. ముందు ఖాళీ చేసి, అడుగున బురద ఎత్తి, గోడలు బ్రష్‌తో తోమించాలి. లోపలికి దిగేవాడి నడుముకు తాడు కట్టి, పైన మనిషి నిలబడి ఉండాలి. తర్వాత నీళ్లు నింపి లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ పడేట్టు కలపాలి. 25 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరైతే రెండు కిలోలు. అన్ని అంతస్తుల కుళాయిలూ ఘాటు వాసన వచ్చేదాకా తిప్పి కట్టేయాలి, లేకపోతే ట్యాంకు బాగుపడి పైపులు అలాగే ఉంటాయి. రాత్రంతా ఉంచి పొద్దున్న వదిలేయాలి. ఆ నీళ్లు సెప్టిక్ ట్యాంకులోకి పోనివ్వకూడదు, దాని పని చెడుతుంది. కుళాయిల మీద ఆ రాత్రి ‘వాడరాదు’ కాగితం అంటించడం మరవకూడదు.

రోజువారీ మోతాదు వేరు. లీటరుకు 2 మిల్లీగ్రాములతో మొదలుపెడితే పదివేల లీటర్లకు 80 గ్రాముల పౌడరు. దాన్ని ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, బకెట్లో మూడు వంతులు నీళ్లు పోసి తిప్పి, పది నిమిషాలు వదిలేస్తే సున్నం అడుగున పేరుకుంటుంది. పైతేటే ట్యాంకులోకి పోయాలి, ట్యాంకు పావు వంతు నిండినప్పుడు. అప్పుడు మిగతా నీళ్లు పడుతూ అదే కలిసిపోతుంది. నిండాక కనీసం అరగంట అవుట్‌లెట్ వాల్వు కట్టి ఉంచాలి. ఇది జరగాల్సింది తెల్లవారుజాము నాలుగున్నరకు. జరిగేది మాత్రం ఏడున్నరకు, పిల్లలు స్నానాలకు లైను కట్టాక, వాచ్‌మన్ గుప్పెడు పొడి నేరుగా ట్యాంకులో విసరడం. పొడి అడుగుకు దిగి సున్నపు తెట్టులా పడి ఉంటుంది. అవుట్‌లెట్ దగ్గరి కుళాయిల్లో ముక్కు పగిలే వాసన, చివరి కుళాయిల్లో సున్నా. వాసనకు భయపడి పిల్లలు ప్రహరీ బయట చేతిపంపుకు పోతారు.

పౌడరు సంగతి కూడా చూసుకోవాలి. మన కోస్తా తేమలో మూతి తెరిచిన బస్తా కొద్ది వారాల్లోనే పస తగ్గిపోతుంది. అందుకే గ్రాముల లెక్క మొదలుపెట్టడానికే, తీర్పు చెప్పేది ఓటీ కిట్, అంటే నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ను రంగుతో చూపేది. చూడాల్సింది చివరి అంతస్తు, చివరి కుళాయి. ఒక నిమిషం వదిలి, గొట్టంలో గీత దాకా నీళ్లు పట్టి, కిట్‌లో చెప్పినన్ని చుక్కలు వేసి, పది సెకన్లలోపు పసుపు రంగును అట్టతో పోల్చాలి. నిలబడి కబుర్లాడి ఐదు నిమిషాలకు చూస్తే రంగు ముదిరి లేని క్లోరిన్ ఉన్నట్టు చూపిస్తుంది. మామూలు రోజుల్లో అక్కడ లీటరుకు 0.5 మిల్లీగ్రాములు చాలు, రోగం తిరుగుతున్నప్పుడు 1 దాకా ఉంచుతారు. సున్నా వస్తే 80 గ్రాములు కాస్తా 120 చేసి మళ్లీ చూడాలి. పాచిపట్టిన పైపులు మొదటి నాలుగైదు రోజులు ఎంత పోసినా తాగేస్తాయి. రంగు, టైము, కుళాయి పేరు రిజిస్టరులో రాయాలి.

‘మాకు ఆర్‌వో ప్లాంటు ఉంది కదా’ అనే మాట దగ్గరే సగం హాస్టళ్లు దెబ్బతింటాయి. ఆర్‌వోకు ముందుండే కార్బన్ వడపోత క్లోరిన్‌ను తీసేస్తుంది. కాబట్టి బయటకు వచ్చే నీళ్లకు కాపలా ఉండదు. వాటిని స్టీలు ట్యాంకులో రెండు రోజులు నిలవ ఉంచి, ఎవరో గ్లాసు ముంచితే చాలు. ఇరవై లీటర్ల క్యాన్లదీ అదే తంతు.

కాచిన నీళ్లే ఇస్తాం అంటే లెక్క చూసుకోండి. మూడొందల మందికి తలకు మూడు లీటర్లంటే రోజుకు 900 లీటర్లు. మెస్ పొయ్యి మీద అంత మరిగించడానికి దాదాపు పది పన్నెండు కిలోల గ్యాస్ కాలుతుంది, అంటే పెద్ద సిలిండరులో సగం పైనే. రెండు రోజులు చేస్తారు, మూడో రోజు నుంచి గోరువెచ్చగా చేసి మానేస్తారు. జబ్బు గదికి మాత్రం కాచి, మిగతావాళ్లకు క్లోరిన్ నీళ్లు, కుళాయి బిగించిన మూత డ్రమ్ములో పెడితే నిలబడుతుంది.

మెస్‌లో అందరూ మరిచేది మజ్జిగ. నీళ్లు కాస్తారు, అన్నం ఉడుకుతుంది, కూర ఉడుకుతుంది, చివర్లో పెరుగులో బకెట్టుడు కుళాయి నీళ్లు పోసి చిలుకుతారు. టిఫిను కొబ్బరి పచ్చడి కూడా అంతే. ఇవి రెండూ యాభై రోజులు ఆపితే పిల్లలు తిట్టుకుంటారు గాని నష్టం లేదు. వడ్డించేవాళ్లలో ఎవరికైనా ఈ నెలలో జ్వరం, వికారం వచ్చిందేమో అడగాలి. వచ్చినవాళ్లకు జీతం కోయకుండా సెలవివ్వాలి. జీతం కోస్తే ఎవడూ నిజం చెప్పడు.

చేతులకు శానిటైజరు ఈ వైరస్ మీద నమ్మదగ్గది కాదు, సబ్బే కావాలి. హాస్టల్లో సబ్బు పెడితే సాయంత్రానికి మాయమవుతుందంటారా, ఒకటిన్నర లీటరు సీసాలో 30 గ్రాముల బట్టల పొడి కలిపి మూతకు చిల్లు పెట్టి తాడుతో కట్టండి, ఎవరూ పట్టుకుపోరు. జబ్బు పిల్లలకు వేరే మరుగుదొడ్డి, కళ్లు పచ్చబడ్డాక వారం దాకా. దాన్ని కడగడానికి లీటరుకు 20 గ్రాముల బ్లీచింగ్. యాసిడ్ పోసినచోట బ్లీచింగ్ పోయకూడదు, విషవాయువు వస్తుంది. ఇంత పని ఉండగా ఎవరైనా అధికారి వస్తున్నారంటే చాలు, రోడ్డుకు రెండు పక్కలా సంక్రాంతి ముగ్గులా బ్లీచింగ్ గీతలు, సాయంత్రం ఫాగింగు. కామెర్లకూ దోమలకూ ఏం సంబంధం? ఆ బస్తా ట్యాంకులో పడాల్సింది.

మందు ప్రత్యేకంగా లేదు. విశ్రాంతి, గంజి, చోడి (రాగి) అంబలి, తినగలిగినది ఏదైనా. పసరు జోలికి వెళ్లకూడదు, పారాసెటమాల్ కూడా డాక్టరును అడక్కుండా వేయకూడదు, లివర్ మీద అదనపు బరువు. మత్తుగా ఉండడం, పొంతన లేని మాటలు, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి నెత్తురు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108 పిలిచి పెద్దాసుపత్రికే, మధ్యలో ఎక్కడా ఆగకుండా.

చదువు విషయానికొస్తే, బాగున్న పిల్లలకు క్లాసులు నడవాల్సిందే. జబ్బు పడ్డవాళ్లకు హాజరు లెక్క ఆ తెల్లకాగితంలో ఉన్న తేదీ నుంచి ఇస్తే సరిపోతుంది, సర్టిఫికెట్ల కోసం తల్లిదండ్రుల్ని ఆసుపత్రి చుట్టూ తిప్పక్కర్లేదు. హాజరు 75 శాతం తగ్గి 65కు పైన ఉంటే కాండొనేషన్, అంటే లోటు మాఫీ, ఉంటుంది, దానికి కట్టే ఫీజు ఈ సందర్భంలో కాలేజీ వదులుకోవాలి. నీళ్లు వాళ్లవే కదా! మిడ్ పరీక్ష మొత్తం వాయిదా వేయకుండా, జబ్బు పడ్డవాళ్లకు నెల తర్వాత వేరే పేపరుతో పెట్టొచ్చు. కళ్లు తెల్లబడ్డా నీరసం వారాల తరబడి ఉంటుంది కాబట్టి ల్యాబులు చివరికి జరపాలి. పాఠాలు వీడియోలుగా పంపకండి. 2020లో సీతంపేట, భామిని కొండల్లో పిల్లలు సిగ్నల్ కోసం గుట్టలెక్కారు. పదిహేను నిమిషాల ఆడియో, నాలుగు పేజీల నోట్సు ఫొటోలు, అంతే చాలు. రోజూ సాయంత్రం ఏడింటికి తల్లిదండ్రుల గ్రూపులో తెలుగులో మూడు ముక్కలు పెట్టాలి: ఈ రోజు కొత్తవాళ్లు ఎందరు, ఆసుపత్రిలో ఎందరు, చివరి కుళాయిలో క్లోరిన్ ఎంత. అది రాకపోతే పుకార్లు వస్తాయి, పుకార్లు వస్తే బస్సులొస్తాయి.

మీ అమ్మాయి ఇప్పటికే ఇంట్లో ఉంది గనుక, హాస్టల్ నీళ్లు ఆఖరిసారి తాగిన రోజు నుంచి 50 రోజులు మూత్రం రంగు, ఆకలి చూసుకోండి. ఈ రోజుల్లో వంట, వడ్డన ఆమె చేత చేయించకండి. ఇంట్లో గర్భిణి ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి, హెపటైటిస్-ఈ అయితే వాళ్లకు ప్రమాదం. తిరిగి పంపేముందు వార్డెనును క్లోరిన్ రిజిస్టరు ఫొటో అడగండి, చివరి అంతస్తు కుళాయిదే కావాలనండి. రిజిస్టరు లేదన్నా, రాయడం లేదన్నా, ఆమె సామానులో క్లోరిన్ మాత్రలు పెట్టండి. అర గ్రాము మాత్ర ఇరవై లీటర్లకు. లీటరు సీసాలో వేసుకోకూడదని గట్టిగా చెప్పండి. క్యాన్‌లో వేసి అరగంట ఆగి తాగాలి.