సిస్టమ్ కాల్‌కి (ప్రోగ్రామ్ కెర్నెల్‌ని, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయని, పని అడగడానికి) పట్టే టైముకి స్ట్రేస్ (ఆ కాల్స్‌ని చూపించే లినక్స్ టూల్) చూపించే అంకెలు నమ్మొచ్చా? లేకపోతే ఎలా కొలవాలి?

ఎన్నిసార్లు అన్నదానికి నమ్మొచ్చు, ఎంతసేపు అన్నదానికి వద్దు. స్ట్రేస్ నడిచేది పీట్రేస్ మీద, అంటే ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని ఆపి చూడనిచ్చే కెర్నెల్ సదుపాయం మీద. ప్రతి కాల్‌కీ కెర్నెల్లోకి వెళ్ళేముందు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి మీ ప్రోగ్రామ్‌ని ఆపి, స్ట్రేస్‌ని లేపి, మళ్ళీ వదలాలి. చిన్న కాల్ అయితే కోడికన్నా మసాలా ఖర్చే ఎక్కువ. అనుమానం ఉంటే డీడీ అనే కాపీ కమాండ్‌తో జీరో డివైస్ (సున్నాలే ఇచ్చేది) నుంచి నల్ డివైస్‌కి (రాసినదంతా పారేసేది), బ్లాక్ సైజు 1 పెట్టి, 10 లక్షల బైట్లు కాపీ చేయించండి. బైటుకి ఒక రీడ్, ఒక రైట్. మామూలుగా ఇట్టే అయిపోతుంది. అదే స్ట్రేస్ కింద పెడితే ఈలోపు టీ పెట్టుకోవచ్చు.

కొత్తలో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్తాను. గెట్‌పిడ్‌ని (ప్రోగ్రామ్ తన గుర్తింపు నంబరు, అంటే పిడ్, అడిగే కాల్) 10 లక్షల సార్లు లూప్‌లో పిలిచి, మొత్తాన్ని భాగిస్తే కాల్‌కి నాలుగైదు నానోసెకన్లు వచ్చింది. మురిసిపోయి మా సీనియర్‌కి చూపించా. ఆయన ఏమీ అనలేదు, "స్ట్రేస్ పెట్టి చూడు" అన్నారంతే. పెడితే గెట్‌పిడ్ కనిపించింది ఒకే ఒక్కసారి! అప్పటి జీలిబ్‌సీ (లినక్స్‌లో మామూలుగా ఉండే సీ లైబ్రరీ) మొదటిసారి వచ్చిన పిడ్‌ని దాచుకుని, మిగతాసార్లు కెర్నెల్ గడప తొక్కకుండానే దాన్నే ఇచ్చేస్తోంది. 2.25 వెర్షన్‌లో ఈ దాచుకోవడం తీసేశారు కానీ నాకు మాత్రం ఆ అలవాటు అలాగే ఉండిపోయింది: ముందు కాల్ నిజంగా కెర్నెల్‌దాకా పోతోందా అని చూసుకుంటా, ఆ తర్వాతే గడియారం. టైము అడిగే క్లాక్‌గెట్‌టైమ్‌ది కూడా ఇదే కథ, వీడీఎస్‌ఓ (ప్రతి ప్రోగ్రామ్‌లోనూ కెర్నెల్ పెట్టే చిన్న కోడ్ ముక్క) పుణ్యమా అని చాలా మెషీన్లలో అది యూజర్ వైపే తేలిపోతుంది. ఉత్త రాకపోకల ఖర్చు కావాలంటే గెట్‌పీపిడ్ (తనను పుట్టించిన ప్రోగ్రామ్ పిడ్ అడిగే కాల్) వాడండి. ఎల్ఎంబెంచ్ అనే వేగం కొలిచే టూల్‌సెట్‌లో నల్ కాల్ పరీక్ష చేసేదీ దాంతోనే.

లూప్‌ని టాస్క్‌సెట్ కమాండ్‌తో ఒక కోర్‌కి కట్టేయండి, సీపీయూ వేగాన్ని నడిపించే గవర్నర్‌ని పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి, సగటు బదులు మీడియన్ చూడండి. మధ్యలో ఒక ఇంటరప్ట్ (హార్డ్‌వేర్ నుంచి వచ్చే అంతరాయం) పడితే చాలు, సగటు చెడిపోతుంది.

రెండు మెషీన్లు పోలుస్తుంటే ఇంకో మెలిక ఉంది. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ భద్రతా లోపం బయటపడ్డాక, దాని బారినపడే ప్రాసెసర్లలో కెర్నెల్లోకి వెళ్ళినప్పుడూ వచ్చినప్పుడూ పేజీ టేబుల్ (మెమరీ అడ్రసుల పట్టిక) మార్చడం మొదలైంది. పనేమీ లేని కాల్ మీదే ఆ దెబ్బ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. నా పాత ల్యాప్‌టాప్‌లో గెట్‌పీపిడ్ ఎందుకంత నెమ్మదో తెలియక ఒక సాయంత్రమంతా కంపైలర్‌ని తిట్టుకున్నా. సిస్ కింద సీపీయూ వల్నరబిలిటీస్ ఫోల్డర్‌లో మెల్ట్‌డౌన్ ఫైలు తెరిస్తే పీటీఐ అని రాసుంది, అంటే ఆ పేజీ టేబుల్ మార్పిడి నడుస్తోందన్నమాట.

మీ అసలు ప్రోగ్రామ్‌లో టైము కావాలంటే పెర్ఫ్ ట్రేస్ మైనస్ ఎస్ (perf trace -s) వాడండి. దానికీ కొంత భారం ఉంది గానీ స్ట్రేస్‌తో పోలిస్తే చాలా తక్కువ. రీడ్ లాంటివాటిలో మాత్రం జాగ్రత్త, డిస్క్ కోసం ఎదురుచూసిన టైము కూడా అందులోనే కలిసిపోతుంది. ఫైల్‌ని రెండోసారి చదివితే పేజీ క్యాష్ (కెర్నెల్ మెమరీలో దాచుకున్న ఫైల్ కాపీ) నుంచి వచ్చి అంకె ఒక్కసారిగా పడిపోతుంది.

ఇవన్నీ మొదలుపెట్టేముందు స్ట్రేస్ మైనస్ సి (strace -c) ఒక్కసారి నడిపి, ఏ కాల్ ఎన్నిసార్లు జరిగిందో చెప్పే వరస చూడండి. మా లాగ్ పార్సర్ నెమ్మదిగా ఉందని రెండు రోజులు నానోసెకన్లు కొలుచుకుంటూ కూర్చున్నాక, ఆ వరసలో రీడ్ పక్కన ఉన్న సంఖ్య దాదాపు ఫైల్‌లోని బైట్ల సంఖ్యే అని, అంటే పార్సర్ ఒక్కో బైటుకీ ఒక రీడ్ చేస్తోందని గమనించాం.