పుర్రె కొలతలను బట్టి మనిషి ఏ ప్రాంతంవాడో చెప్పవచ్చా?

విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దిగువన ఇసుకలో ఒక పుర్రె దొరికిందనుకుంటే, దానిని కొలిచి ఆ మనిషి తెలుగువాడో, ఉత్తరాది నుంచి పనికి వచ్చినవాడో చెప్పగలరా అన్నది ప్రశ్న. కొలతలతో మాత్రమే అంత కచ్చితంగా చెప్పలేరు.

కనుబొమల నడుమ ఉండే ఎముక ఉబ్బు నుంచి తల వెనుక అన్నిటికంటే దూరంగా ఉన్న బిందువు దాకా పొడవును, పుర్రె గరిష్ఠ వెడల్పును, ముక్కు రంధ్రం వెడల్పును కాలిపర్‌తో మిల్లీమీటర్లలో తీసి, మూలం ముందే తెలిసిన పుర్రెల సమూహాలతో గణాంక సూత్రాల ద్వారా పోలుస్తారు. 1962లో జైల్స్, ఎలియట్ అనే మానవశాస్త్రవేత్తలు ఇలాంటి సూత్రాలనే ప్రకటించారు. 1990ల నుంచి ఫోర్‌డిస్క్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం ఈ పని చేస్తోంది.

చిక్కంతా ఆ పోలికలోనే ఉంది. ఈ ప్రోగ్రాం పోలికకు వాడే సమూహాలలో అమెరికన్ మానవశాస్త్రవేత్త హోవెల్స్ ఎంతో ఓపికగా కొలిచినవి కూడా ఉన్నాయి; ఆ 28 సమూహాలలో భారతదేశం వైపు నుంచి ఉన్నది అండమాన్ దీవులవారు మాత్రమే. కృష్ణా, గుంటూరు జిల్లాల మనుషులకు తగిన నమూనా అందులో లేదు. అయినా ప్రోగ్రాం ఉన్నవాటిలో దగ్గరి సమూహాన్ని చూపుతుంది కాబట్టి, ఆ సమూహంలో అలాంటి పుర్రె ఉండడం ఎంత సహజమో తెలిపే సంఖ్యను కూడా చదవకపోతే, గుంటూరు మనిషిని ఎక్కడివాడిగానో నమోదు చేసే ప్రమాదం ఉంది. పైగా పుర్రె ఆకారంలోని తేడాలలో ఎక్కువ భాగం ఒక్కో సమూహం లోపలే కనిపిస్తుంది.

అందుకే కనిపించకుండా పోయిన మనిషి కోసం ఎదురుచూస్తున్న ఇంటివారికి ఈ అంచనాను జవాబుగా ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం; వారి రక్త నమూనాతో పంటిలోని డీఎన్ఏను పోల్చి చూడాలి.