చిన్న కరెంటు కారు: మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి తిరుపతి, చిత్తూరు పాఠకులు పంపిన ప్రశ్నలే తీసుకున్నాం. ఊళ్లో తిరగడానికి సరిపోయే, ధర అందుబాటులో ఉండే చిన్న ఎలక్ట్రిక్ కారు గురించే అన్నీ. జవాబుల్లో 'యూనిట్' అన్నచోట కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే అనుకోండి, అంటే ఒక కిలోవాట్ అవర్.

ప్రశ్న: నెలకు రెండుసార్లన్నా కొండకు పోతాము. పదిహేడు, పందొమ్మిది యూనిట్ల చిన్న బ్యాటరీ ఉన్న కారు నలుగురిని ఎక్కించుకుని ఘాట్ ఎక్కుతుందా? మధ్యలో నిలిచిపోతుందని భయపెడుతున్నారు. (కొర్లగుంట, తిరుపతి)

ఎక్కుతుంది. తిరుపతి సముద్రమట్టానికి దాదాపు 160 మీటర్ల ఎత్తున ఉంటే, తిరుమల 850 మీటర్ల ఎత్తున ఉంది. కారు సుమారు 700 మీటర్లు పైకి లేవాలి. కారు, మనుషులు, సామాను కలిపి 1,400 కిలోలు అనుకుంటే, ఆ బరువును అంత ఎత్తుకు చేర్చడానికే 2.7 యూనిట్లు కావాలి. టైర్ల రాపిడికీ గాలికీ ఇంకో యూనిట్ పోతుంది. మోటారులోనూ, దానికి కరెంటు అందించే కంట్రోలర్‌లోనూ వేడిగా పోయేది, ఏసీ తినేది కలుపుకుంటే అలిపిరి నుంచి పైకి నాలుగున్నర, ఐదు యూనిట్లు ఖర్చు. ఎంజీ కామెట్‌లో ఉన్నది 17.3 యూనిట్ల బ్యాటరీ, టాటా కరెంటు టియాగో చిన్న రకంలో 19.2. పావు వంతుకు కాస్త అటూ ఇటుగా అయిపోతుందన్నమాట. దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి ఒక యూనిట్ దాకా వెనక్కిస్తుంది. బ్యాటరీ సగం ఉన్నా నిశ్చింతగా బయలుదేరవచ్చు.

చూసుకోవాల్సింది మోటారు. బ్రోషర్లలో వేసేది పీక్ పవర్, మోటారు కాసేపు మాత్రమే ఇవ్వగలిగేది. ఘాట్‌లో పనికొచ్చేది ఎడతెగకుండా ఇచ్చే కంటిన్యూయస్ పవర్. 8 శాతం ఎత్తున్న చోట (వంద మీటర్లు పోతే 8 మీటర్లు పైకి లేచే రోడ్డు మీద) గంటకు 30 కిలోమీటర్ల వేగంతో 1,400 కిలోలు లాగాలంటే చక్రాల దగ్గర 11 కిలోవాట్లు ఆగకుండా అందాలి. అంత లేని మోటారు వేడెక్కుతుంది, అప్పుడు కంట్రోలర్ తనంతట తాను పవర్ తగ్గించేస్తుంది. బండి పాడైనట్టు కాదు. మలుపులో కాకుండా వెడల్పున్న చోట పక్కకు తీసి పది నిమిషాలు ఆపితే మళ్లీ మామూలవుతుంది. కొనేముందు షోరూంలో కంటిన్యూయస్ పవర్ ఎంతో అడిగి రాయించుకోండి.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాం. పైన ఛార్జింగ్ దొరికిందని 100 శాతం నింపుకుని దిగకండి. నిండిన బ్యాటరీ ఇంక కరెంటు తీసుకోలేదు కాబట్టి మోటారు బ్రేకు పనిచేయదు, భారమంతా మామూలు బ్రేకుల మీద పడి అవి కాలిపోతాయి. 80 శాతం దగ్గర ఆపేయండి. దిగుతున్నప్పుడు కారును న్యూట్రల్‌లో పెట్టినా ఇదే ప్రమాదం.

ప్రశ్న: మా ఇంటి కాడ 15 యాంపుల ప్లగ్గుకు పెడితే రెండు గంటలకే ఛార్జరు ఎర్ర లైటు చూపించి ఆగిపోతా ఉంది. ఒకరు ఎర్త్ లేదంటారు, ఒకరు వోల్టేజి అంటారు. ప్లగ్గు ముట్టుకుంటే కాలతా ఉంది. వానాకాలంలో బాగానే పన్జేసింది. (గ్రీమ్స్‌పేట, చిత్తూరు)

ముందు ఆ ప్లగ్గులో ఛార్జింగ్ ఆపేయండి. ఇళ్లు అంటుకునేది అక్కడే. 3.3 కిలోవాట్ల ఛార్జరు 230 వోల్టుల దగ్గర 14 యాంపులకు పైగా లాగుతుంది, అదీ ఐదు నుంచి ఏడు గంటలు ఏకబిగిన. గీజరైతే పావుగంటలో ఆగిపోతుంది కాబట్టి సాకెట్ లోపల స్ప్రింగు వదులైనా ఇన్నాళ్లూ బయటపడలేదు. వదులైన చోట వేడి పుడుతుంది, వేడికి స్ప్రింగు ఇంకా వదులవుతుంది, చివరికి ప్లాస్టిక్ నల్లబడుతుంది.

మీటరు బోర్డు నుంచి కారు కోసమే విడిగా లైను లాగించండి. రాగి వైరు 4 స్క్వేర్ ఎంఎం, దూరం 25 మీటర్లు దాటితే 6. దానికి 20 యాంపుల సి రకం ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్), 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్), అది కూడా 'ఏ' రకానిది. ఇళ్లలో వాడే 'ఏసీ' రకానిది ఛార్జరు వల్ల వచ్చే డీసీ లీకేజీని సరిగా పట్టుకోదు. సాకెట్ కొత్తది, 16 యాంపులది, బరువైనది వేయించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దేవద్దు. మొదటి రోజు అరగంట అయ్యాక ప్లగ్గు ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చెయ్యి పెట్టలేకపోతే మళ్లీ విప్పించాల్సిందే.

ఇక ఎర్ర లైటు. వానాకాలంలో పనిచేసి ఎండల్లో ఆగిపోయిందంటే ఎక్కువ అనుమానం ఎర్త్ గుంత మీదే. మన వైపు నేల రాతిది, ఎండాకాలం తేమ పోగానే ఎర్త్ నిరోధం పెరిగిపోతుంది. ఛార్జింగ్ నడుస్తుండగా మీటరుతో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి చూడమనండి. రెండు మూడు వోల్టులు ఉంటే సరే, పది దాటితే గుంతలోనో న్యూట్రల్ వైరులోనో లోపం ఉంది. ఎర్త్ టెస్టరు పెడితే 5 ఓములలోపు రావాలి. ప్రస్తుతానికి గుంతలో రెండు బిందెల నీళ్లు పోసి చూడండి. లైటు పోయిందంటే లోపం దొరికినట్టే. శాశ్వతంగా అయితే 3 మీటర్ల రాగిపూత రాడ్డు, చుట్టూ తేమ పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి పొడి వేయించండి. బండ తగిలితే రెండు రాడ్లు 3 మీటర్ల ఎడంగా దించి కలపండి.

కొందరు ఎలక్ట్రీషియన్లు సులువు దారి చూపిస్తారు: సాకెట్‌లో ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపేస్తారు. లైటు పచ్చబడుతుంది, ఛార్జింగూ అవుతుంది. ఎక్కడైనా న్యూట్రల్ తెగిన రోజున కారు బాడీకి 230 వోల్టులు వస్తాయి. తడి కాళ్లతో తలుపు పట్టుకున్న పిల్లాడి ప్రాణం పోతుంది. అలా చేసి ఉంటే ఈ రోజే తీయించండి.

వోల్టేజి సంగతి: సాయంత్రం వాడకం ఎక్కువున్నప్పుడు 190 కిందికి పడిపోతే చాలా ఛార్జర్లు ఆగిపోతాయి. రాత్రి 11 తర్వాత పెట్టుకోండి. మీ కనెక్షన్ లోడు 2 కిలోవాట్లే అయితే కరెంటు ఆఫీసులో (ఎస్పీడీసీఎల్) దరఖాస్తు పెట్టి 5కి పెంచుకోవాలి.

ప్రశ్న: చైనాలో మూడు లక్షలకే కరెంటు కారు అమ్మారట. మన దగ్గర ఎందుకు రాదు? (రేణిగుంట)

నిజమే. 2020లో వచ్చిన వూలింగ్ హాంగ్‌గ్వాంగ్ మినీ 28,800 యువాన్లకు మొదలైంది, అప్పటి లెక్కలో మన డబ్బు మూడు లక్షల పైచిలుకు. ఆ ధర ఎలా వచ్చిందో చూస్తే చిన్న కారు తయారీ కిటుకు తెలుస్తుంది. అందులో బ్యాటరీ 9.3 యూనిట్లే, కంపెనీ చెప్పిన దూరం 120 కిలోమీటర్లు. మోటారు 20 కిలోవాట్లది, గాలితోనే చల్లబడేది. ఫాస్ట్ ఛార్జింగ్ లేదు. చక్రాలు 12 అంగుళాలవి. చవక రకంలో ఏసీ కూడా లేదు.

చిన్న కారు ధరలో అన్నిటికన్నా పెద్ద వాటా బ్యాటరీదే. దూరం పెంచాలని బ్యాటరీ పెంచితే బరువు పెరుగుతుంది. బరువును మోయడానికి సస్పెన్షన్, బ్రేకులు, మోటారు పెద్దవి కావాలి, వాటిని మోయడానికి మళ్లీ ఇంకాస్త బ్యాటరీ. ఈ చక్రంలో పడకుండా 'ఈ కారు ఊరు దాటదు' అని మొదటే గీత గీసుకున్నవాళ్లే ధర దించగలిగారు.

మన దగ్గర ఏసీ లేకుండా మే నెల గడవదు, ముందు రెండు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి, ఢీకొట్టే పరీక్షలు నెగ్గాలి, సెల్లులు ఎక్కువగా దిగుమతే. వూలింగ్ చిన్నకార్ల కుటుంబం నుంచే వచ్చిన కామెట్ 2023లో ఇక్కడ 7.98 లక్షల దగ్గర మొదలైంది. పొడవు మూడు మీటర్లలోపే (2,974 మిల్లీమీటర్లు), తీర్థకట్ట వీధి లాంటి ఇరుకులో అదే వరం. టాటావాళ్లు 2022లో ఇంకో దారి తొక్కారు: పెట్రోలు టియాగో బాడీలోనే బ్యాటరీ అమర్చి కొత్త అచ్చుల ఖర్చు మిగిల్చారు. దీంతో బండి బరువెక్కింది కానీ వెనక సీటు, డిక్కీ కుటుంబానికి సరిపడా దక్కాయి.

మా సలహా ఒకటే. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగేవారు 300 కిలోమీటర్ల బ్యాటరీకి డబ్బు పోయకండి. వారానికి మూడుసార్లు తిరుపతి, చిత్తూరు మధ్య తిరిగేవారైతే (ఒకవైపు 70 కిలోమీటర్లు) హైవే వేగానికి ఖర్చు పెరుగుతుంది కాబట్టి పెద్ద రకమే తీసుకోండి.

ప్రశ్న: లెడ్ బ్యాటరీలు మన కరకంబాడిలోనే తయారవుతున్నాయి కదా. వాటితోనే కారు చేస్తే చవక కాదా? (మంగళం, తిరుపతి)

చేసి చూసినదే. 2001లో బెంగళూరు నుంచి వచ్చిన రేవా కారులో 6 వోల్టుల లెడ్ బ్యాటరీలు ఎనిమిది ఉండేవి, మొత్తం 48 వోల్టులు. ఒక ఛార్జికి 80 కిలోమీటర్లని చెప్పేవారు. చిక్కంతా బరువుది. లెడ్ కిలోకు 35 వాట్ అవర్లు (వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్) ఇస్తే, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాకు 130 దాకా ఇస్తుంది. 17 యూనిట్లకు లెడ్ అయితే 480 కిలోలు దాటుతుంది, లిథియం 130 కిలోలు. పైగా లెడ్‌ను సగానికి మించి వాడితే త్వరగా చస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కువ కరెంటు లాగితే రాసిన సామర్థ్యంలో సగం కాస్త పైన మాత్రమే చేతికొస్తుంది. మొదట మిగిలిన డబ్బు మూడేళ్లకోసారి బ్యాటరీలు మార్చడానికే పోతుంది.

ప్రశ్న: ఇంజనీరింగ్ చివరి ఏడాది. ఇద్దరు కూర్చునే 48 వోల్టుల కారు ప్రాజెక్టుగా చేస్తున్నాము. బ్యాటరీ, మోటారు ఎంత పెట్టాలి? (చంద్రగిరి)

మనుషులతో కలిపి 600 కిలోలకు మించనివ్వకండి. ఆ బరువుకు ఊళ్లో ఆగుతూ సాగుతూ కిలోమీటరుకు 70 వాట్ అవర్లు లెక్క వేసుకోండి. 80 కిలోమీటర్లకు 5.6 యూనిట్లు. బ్యాటరీలో 80 శాతమే వాడాలి కనుక 7 యూనిట్లు. 3.2 వోల్టుల 150 యాంపియర్ అవర్ సెల్లులు 16 వరుసగా కలిపితే 51.2 వోల్టులు, 7.7 యూనిట్లు వస్తాయి. మోటారు కంటిన్యూయస్ 6 కిలోవాట్లు, పీక్ 12.

48 వోల్టులతో లాభం, షాక్ ప్రమాదం తక్కువ. నష్టం, అంతే పవర్‌కు కరెంటు ఎక్కువ కావడం: 12 కిలోవాట్లకు, నష్టాలు కూడా కలుపుకుంటే, దాదాపు 275 యాంపులు. అందుకే మెయిన్ కేబుల్ 50 స్క్వేర్ ఎంఎంకు తగ్గకూడదు, కేబుల్ కొనలకు వేసే లగ్గులు సుత్తితో కొట్టకుండా హైడ్రాలిక్ క్రింపరుతో నొక్కాలి. ప్యాకు పక్కనే డీసీ ఫ్యూజు ఉండాలి. విద్యార్థుల బండ్లలో ఎక్కువగా మరిచేది ప్రీఛార్జ్ రెసిస్టరు. అది లేకుండా కాంటాక్టరు (బ్యాటరీని కంట్రోలర్‌కు కలిపే పెద్ద స్విచ్) వేస్తే కంట్రోలర్ కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు గుంజి కాంటాక్టు కొనలు అతుక్కుపోతాయి. అప్పుడు తాళం తీసినా బండికి కరెంటు ఆగదు. రెసిస్టరు ద్వారా రెండు మూడు సెకన్లు నింపాకే మెయిన్ కాంటాక్టరు పడాలి. సెల్లులు కలిపేముందు అన్నిటినీ ఒకే వోల్టేజికి నిండుగా ఛార్జి చేయండి, లేకపోతే బలహీనమైన ఒక్క సెల్లు మొత్తం ప్యాకును ముందే ఆపేస్తుంది. టైప్ అప్రూవల్ (రోడ్డు మీద నడపడానికి ఆ మోడల్‌కు ఇచ్చే ఆమోదం) లేని బండిని కాలేజీ ఆవరణ దాటించకండి.

ప్రశ్న: మన ఎండలకు బ్యాటరీ త్వరగా పోతుందా? (శ్రీకాళహస్తి)

వేడి పెరిగేకొద్దీ సెల్లు లోపల పాడుచేసే చర్యలు వేగమవుతాయి, ముఖ్యంగా నిండుగా ఉన్నప్పుడు. నీడలో ఆపండి. ఎండన పడి ఇంటికొచ్చాక గంటసేపు చల్లారనిచ్చి ఛార్జింగ్ పెట్టండి. ఊరికి పోయి వారం వాడకపోతే 50 శాతం దగ్గర వదలండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే రెండు వారాలకోసారి పూర్తిగా నింపండి, లేదంటే మీటరులో చూపే శాతం తప్పుతుంది.

ప్రశ్న: 60 శాతం ఛార్జింగ్ ఉంది, అయినా కారు స్టార్ట్ కాలేదు, తలుపు కూడా తెరుచుకోలేదు. (తిరుచానూరు)

పెద్ద బ్యాటరీ కాదు, 12 వోల్టుల చిన్న బ్యాటరీ దిగిపోయింది. తాళాలు, కంప్యూటరు, పెద్ద బ్యాటరీని కలిపే కాంటాక్టరు అన్నీ దాని మీదే నడుస్తాయి. కీలోని లోహపు తాళంచెవితో తలుపు తీసి, జంపర్ వైర్లతో 12 వోల్టులు అందిస్తే కారు లేస్తుంది. తర్వాత అరగంట ఆన్‌లో ఉంచండి. బ్యాటరీకి మూడేళ్లు దాటి ఉంటే మార్చేయండి. కొత్తదై ఉండీ మళ్లీ దిగిపోతే, తర్వాత అమర్చిన కెమెరానో జీపీఎస్సో రాత్రంతా కరెంటు తాగుతోందేమో క్లాంప్ మీటరుతో చూడమనండి.