లైసెన్సును నిలిపి ఉంచే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

రెండేళ్లపాటు ఇంటిపట్టున ఉండదలచానని, వృత్తి లైసెన్సు గడువు ఎలాగూ ఈ ఏడాదే తీరుతుంది కనుక రెన్యువల్ చేయించకుండా వదిలేస్తే సరిపోతుందా అని అడిగావు. సరిపోదు. గడువులోపే కాగితం పెట్టి ప్రాక్టీసును తాత్కాలికంగా నిలిపి ఉంచినవారికీ, రుసుము కట్టక వృత్తి రిజిస్టరులోంచి పేరు పోగొట్టుకొన్నవారికీ ఇంట్లో ఉన్నంతకాలం తేడా ఏమీ తెలియదు. తిరిగి పనిలోకి రావాలనుకున్న రోజున మాత్రం రెండోవారు బకాయిలకూ జరిమానాకూ తోడు సంజాయిషీ కూడా ఇచ్చుకోవలసి రావచ్చు.

అందుచేత నీ వృత్తికి అసలు నిలుపుదల సౌకర్యం ఉందో లేదో ముందు నిబంధనల్లో చూడు. భారతదేశంలో న్యాయవాది స్వచ్ఛందంగా ప్రాక్టీసు ఆపితే ఆ సంగతి రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు తెలియజేసి, ఎన్‌రోల్‌మెంట్ అసలు పత్రాన్ని అప్పగించాలి. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు, మధ్యకాలంలో తనకు అనర్హత ఏదైనా కలిగిందో లేదో చెబుతూ అఫిడవిట్ ఇవ్వాలి. బ్రిటన్‌లో నర్సులు 3 ఏళ్లకోసారి జరిగే రెన్యువల్‌కు కనీసం 450 గంటలు పనిచేసినట్టు, 35 గంటలు వృత్తిశిక్షణ పొందినట్టు చూపాలి కనుక సుదీర్ఘ విరామం అక్కడ నేరుగా గంటల లెక్కకే తగులుతుంది. నీకూ అటువంటి లెక్క ఉంటే, శిక్షణ ధ్రువపత్రాలను ఏ రోజుకారోజు తేదీవారీగా ఫైలు చేసుకో. రెండేళ్ల తరువాత వాటిని వెతికి పట్టుకోవడం ఎంత నరకమో నాకు తెలుసు.

చిరునామా మార్పును అల్పవిషయం అనుకోకు. నేను ఇల్లు మారినప్పుడు ఆ సంగతి లైసెన్సు కార్యాలయానికి తెలియజేయలేదు. గడువు నోటీసు పాత ఇంటికి వెళ్లింది. మూడు నెలల తరువాత ఒక క్లయింటు నా లైసెన్సు నంబరును రిజిస్టరులో సరిచూసుకొని, "మీ పేరు కనబడటం లేదేమిటండీ" అని ఫోను చేశాడు. ఆ మూడు నెలల్లో నేను సంతకం పెట్టిన ప్రతి నివేదికనూ ఒక మిత్రుడు మొదటి పుటనుంచి మళ్లీ పరిశీలించి తన సంతకం పెట్టవలసి వచ్చింది. ఆయన ఒక్క మాట అనలేదు కానీ, ఆ కట్టలను ఆయన బల్లమీద పెట్టిన క్షణాన నేను పడిన సిగ్గు ఇప్పటికీ పోలేదు.

బీమా సంగతి చాలామంది మరచిపోతారు. వృత్తిబాధ్యత పాలసీల్లో, అంటే మన పనిలో పొరపాటుకు పరిహారం అడిగితే భరించే బీమాల్లో, చాలావరకు క్లెయిము వచ్చిన నాటికి అమలులో ఉంటేనే వర్తిస్తాయి. నువ్వు పని మానుకొన్న తరువాత పాత పనిమీద ఫిర్యాదు వస్తే ఎవరు భరిస్తారో పాలసీ రద్దు చేయకముందే కంపెనీని అడిగి, జవాబు రాతలో తీసుకో. నిలుపుదల కాలంలో బంధువుల కోసమైనా, ఉచితంగానైనా వృత్తి హోదాతో సంతకం పెట్టకు. లెటర్‌హెడ్‌లు, ముద్ర బీరువాలో ఉండనీ.

తిరిగి రావాలనుకొన్నప్పుడు కొన్ని నెలల ముందే దరఖాస్తు పెట్టు. కొన్ని వృత్తుల్లో విరామం ఎక్కువైతే పరీక్షో, పర్యవేక్షణలో పనో అడుగుతారు. రుసుము కట్టిన రసీదును అనుమతిగా భావించకు. రిజిస్టరులో నీ పేరు, దాని పక్కన అమలు తేదీ కళ్లారా చూసి, ఆ పుట ప్రింటు తీసి ఫైలులో పెట్టిన తరువాతే ముద్ర బయటికి తీయి.

ఇట్లు,
నీ పెదనాన్న